డబ్బింగ్‌కి డబ్బు కట్టినవాళ్లు మోసపోలేదు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు యానిమే (జపాన్ యానిమేషన్) చూసే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పొడుగాటి మెసేజ్ తెగ తిరుగుతోంది. ‘ఆరియా’ అనే జపాన్ సిరీస్‌ని ఉదాహరణగా చూపించి అందులో రాసింది క్లుప్తంగా ఇదీ: “విదేశీ కంపెనీలు అభిమానుల దగ్గర చందాలు దండుకుని, ఆ డబ్బుతోనే ఇంగ్లీషు డబ్బింగ్ చెప్పించి, డిస్కులు కొట్టించి, మళ్లీ వాళ్లకే అంటగడుతున్నాయి. కంపెనీకి పైసా ఖర్చు లేదు. డబ్బున్న కంపెనీకి చందా ఎందుకు? టార్గెట్ దాటి వచ్చిందంతా జేబులోకే. పని ఆగిపోతే మన డబ్బు గోవిందా. లాభంలో వాటా కూడా ఇవ్వరు. సబ్‌టైటిల్స్ ఉండగా డబ్బింగ్ ఎందుకు? నెట్‌లో ఉండగా డిస్క్ ఎందుకు? క్రౌడ్‌ఫండింగ్ అని ఎవరైనా అంటే ఒక్క రూపాయి కూడా వెయ్యకండి. మనకెందుకు ఈ గోల?”

దీన్ని ఫార్వర్డ్ చేసినవాళ్లలో నాకు బాగా కావలసినవాళ్లున్నారు. డబ్బు జాగ్రత్త అని చెప్పడమే వాళ్ల ఉద్దేశం, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ మెసేజ్‌లో ఒకటి రెండు నిజాల చుట్టూ చాలా అబద్ధాలు అల్లారు. ఒక్కొక్కటే చూద్దాం.

“కంపెనీకి పైసా ఖర్చు లేదు, డబ్బున్న కంపెనీకి చందా ఎందుకు?”

ముందు ఆ సిరీస్ ఎలాంటిదో తెలియాలి. ‘ఆరియా’ నీళ్లతో నిండిపోయిన అంగారక గ్రహం మీద, వెనిస్ నగరాన్ని పోలిన ఊళ్లో, పడవ నడపడం నేర్చుకునే అమ్మాయిల కథ. ఫైటింగులు లేవు, విలన్ లేడు. మొదటి సీజన్ 2005లో వచ్చింది, 13 ఎపిసోడ్లు. 2006లో 26, 2008లో మరో 13, మధ్యలో విడిగా ఒకటి. అమెరికాలో దాని హక్కులు తీసుకున్నది రైట్ స్టఫ్. అయోవా రాష్ట్రంలో 1987లో మొదలై, పోస్టులో వీడియోలు అమ్ముతూ ఎదిగిన సంస్థ. తన నొజోమి లేబుల్ మీద సబ్‌టైటిల్స్‌తో మాత్రమే డీవీడీలు తెచ్చింది. అంటే ఆ కథను ఇష్టపడి కొనేవాళ్లలో చాలామంది అప్పటికే ఒకసారి కొనేశారు. అదే సిరీస్‌కి కొత్తగా డబ్బింగ్ చేయించి, బ్లూ-రేగా (డీవీడీ కన్నా స్పష్టంగా కనిపించే డిస్క్‌గా) తెస్తే మళ్లీ ఎంతమంది కొంటారో చెప్పగలిగే వ్యాపారి ఎవరూ ఉండరు.

2017లో వాళ్లు కిక్‌స్టార్టర్‌లో (జనం దగ్గర ముందే డబ్బు పోగుచేసే, అంటే క్రౌడ్‌ఫండింగ్ చేసే వెబ్‌సైట్‌లో) మొదటి సీజన్ కోసం అడిగింది 1,10,000 డాలర్లు. 13 ఎపిసోడ్లకు పంచితే ఎపిసోడ్‌కి సుమారు 8,460. ఆ డబ్బులో ఏమేం రావాలో చూడండి. జపనీస్ డైలాగుని ఇంగ్లీషులో పెదాల కదలికకు అతికేలా తిరగరాసే రచయిత, గొంతులు ఎంపిక చేసి పక్కన కూర్చుని చెప్పించే డైరెక్టర్, నటులు, గంటల లెక్కన స్టూడియో అద్దె, మాటలు లేని సంగీతం, శబ్దాల ట్రాక్ మీద కొత్త గొంతులు కలిపే మిక్సింగ్, ఆ తర్వాత డిస్క్ తయారీ, పెట్టె, పోస్టేజీ. కిక్‌స్టార్టర్ తన వంతు 5 శాతం తీసుకుంటుంది, కార్డు చెల్లింపుల ఖర్చు విడిగా పోతుంది. హక్కుల కోసం జపాన్ వాళ్లకు కట్టేది ఎలాగూ ఉంటుంది.

మన బరంపురంలో పెళ్లికి పట్టుచీర నేయించుకుంటే నేతకారు పట్టు కొనడానికి ముందే అడ్వాన్స్ తీసుకుంటారు. ఎవరూ దాన్ని అడుక్కోవడం అనరు. అంత ఖరీదైన సరుకు కొనేవాళ్లు లేకుండా నేసిపెట్టుకుంటే ఆ ఇల్లు గడవదని అందరికీ తెలుసు. కిక్‌స్టార్టర్‌లో జరిగిందీ ముందస్తు ఆర్డరే. డబ్బు కట్టినవాళ్లకు రివార్డుగా దక్కేది అదే డిస్క్. “మళ్లీ వాళ్లకే అంటగట్టారు” అన్న మాట ఇక్కడే తేలిపోతుంది, ఎందుకంటే చాలామంది ఆ డిస్క్ కోసమే కట్టారు.

“టార్గెట్ దాటి వచ్చిందంతా జేబులోకే.”

మెసేజ్‌లో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ ముక్క. ‘ఆరియా’కి చివరికి ఐదున్నర లక్షల డాలర్లు దాటి వచ్చాయి, నిజమే. ఎంత వస్తే ఏం చేస్తామో ముందే మెట్లుమెట్లుగా ప్రకటించారు. వాటినే స్ట్రెచ్ గోల్స్ అంటారు. ఆ మెట్లన్నీ ఎక్కడం వల్లే 13 ఎపిసోడ్లతో ఆగాల్సిన డబ్బింగ్ మిగతా రెండు సీజన్లకు, ఆ విడి ఎపిసోడ్‌కు కూడా వెళ్లింది. మొత్తం 53. ఎక్కువ వచ్చిన డబ్బు ఏమైందని అడిగేవాళ్లకు ఆ 40 ఎపిసోడ్లే జవాబు. అవి ఇంగ్లీషులో మాట్లాడుతున్నాయి, ఎవరైనా విని చూసుకోవచ్చు.

ఇది ఒక్కదానితో అయిపోలేదు. ‘టైమ్ ఆఫ్ ఈవ్’ సినిమాకు 2013లో 18,000 డాలర్లు అడిగితే 2 లక్షలు దాటింది. మొదట బ్లూ-రే మాత్రమే అనుకున్న సినిమాకు ఇంగ్లీషు డబ్బింగ్ కూడా అలా వచ్చిందే. అదే ఏడాది ‘లిటిల్ విచ్ అకాడేమియా’ రెండో భాగానికి దాన్ని తీసే స్టూడియోనే లక్షన్నర డాలర్లు అడిగింది, 6,25,000 దాటి వచ్చాయి. సినిమా నిడివి పెంచడానికే అడిగారు, పెంచారు, 2015లో విడుదల చేశారు.

“పని ఆగిపోతే మన డబ్బు గోవిందా.”

ఇక్కడ రెండు వేర్వేరు విషయాలను కలిపేశారు. టార్గెట్ చేరకపోవడం ఒకటి, చేరాక పని పూర్తి కాకపోవడం ఇంకొకటి.

మొదటి దాంట్లో ఎవరికీ ఒక్క పైసా పోదు. కిక్‌స్టార్టర్‌లో గడువులోగా టార్గెట్ చేరితేనే కార్డు నుంచి డబ్బు కట్ అవుతుంది. 2014లో ‘రోబోటెక్ అకాడమీ’ కోసం 5 లక్షల డాలర్లు అడిగి, 2 లక్షలు కూడా రాకపోయేసరికి ఆపేశారు. ఇస్తామన్నవాళ్ల డబ్బు వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

రెండో దాంట్లో ప్రమాదం నిజంగానే ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వార్టన్ స్కూల్‌కి చెందిన ఈథన్ మోలిక్ 2015లో కిక్‌స్టార్టర్ మీద అధ్యయనం చేసి, డబ్బు చేరిన ప్రాజెక్టుల్లో 9 శాతం చెప్పింది ఇవ్వలేకపోయాయని తేల్చారు. యానిమేలోనూ చేదు అనుభవాలున్నాయి. ‘అండర్ ది డాగ్’ 2014లో 8,78,000 డాలర్లు తెచ్చుకుని, చివరికి అరగంట నిడివి సినిమా దగ్గరే ఆగింది. డబ్బు కట్టినవాళ్లలో చాలామంది అంతకన్నా పెద్దదే ఆశించారు.

కానీ అలాంటి కొత్త సినిమాకూ, డబ్బింగ్ ప్రాజెక్టుకూ మధ్య తేడాను మెసేజ్ రాసినవాళ్లు పట్టించుకోలేదు. ‘అండర్ ది డాగ్’ అనేది ఇంకా గీయని బొమ్మల కథ. డబ్బింగ్ ప్రాజెక్టులో బొమ్మలు ఎప్పుడో గీసేశారు, సంగీతం ఉంది, కథ ముగింపు తెలుసు, హక్కులు చేతిలో ఉన్నాయి. మిగిలింది గొంతులు, డిస్కులు. వీటిల్లో మామూలుగా జరిగేది ఆలస్యం. ఆలస్యం చిరాకే కానీ దాన్ని మోసం అనకూడదు. అందుకే క్రౌడ్‌ఫండింగ్ అనగానే అన్నింటినీ ఒకే గాటన కట్టెయ్యడం అన్యాయం.

“లాభంలో వాటా ఇవ్వరు.” ఇవ్వరు. ఇస్తామని ఎవరూ అనలేదు కూడా. ఇలా డబ్బు కట్టేవాళ్లు వాటాదారులు కాదు. మన దేశంలోనే 1976లో ‘మంథన్’ సినిమాకు గుజరాత్ పాడి రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేశారు. వాళ్లు తమ కథ తెర మీదికి రావాలని వేశారు, వచ్చింది.

“సబ్‌టైటిల్స్ ఉండగా డబ్బింగ్ ఎందుకు?”

ఈ మాట మరో ఊరివాళ్లు అంటే సరిపెట్టుకుందును. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగువాళ్లు అంటుంటే మనసుకు కష్టంగా ఉంది. మనలో ఎంతమందికి తెలుగు చదవడం వచ్చు? ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఒడియానో ఇంగ్లీషో. తెలుగు సినిమా డైలాగులు ఏకధాటిగా అప్పజెప్పే కుర్రాళ్లు కూడా పోస్టర్ మీద పేరు చదవాలంటే తడుముకుంటారు. మన భాష మనకు చెవుల ద్వారానే మిగిలింది. గొంతు విలువ మనకు ఇంకొకరు చెప్పాలా?

మా మేనల్లుడు ఒడియా మీడియంలో ఆరో తరగతి. వాడు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో యానిమే చూస్తుంటే పక్కన కూర్చుని చూశాను. పెదాలు కదుపుతూ మొదటి లైను చదువుతాడు, రెండో లైను మొదలుపెట్టేసరికి తెర మీద అది మాయం. రిమోట్ పట్టుకుని వెనక్కి తిప్పుతాడు. ఈలోగా మా అమ్మ “ఏటంటన్నాడ్రా ఆడు?” అని అడుగుతుంది. వాడు చెప్పేలోపు ఇంకో రెండు డైలాగులు పోతాయి. అదే ఇంట్లో ‘సోలో లెవలింగ్’ తెలుగు డబ్బింగ్‌లో పెట్టినప్పుడు అమ్మ ఆ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు. “ఆళ్లమ్మకి ఒంట్లో నయమైందా?” అని అడిగింది. హీరో తల్లి జబ్బుతో స్పృహ లేకుండా పడుంటుంది ఆ కథలో. అమ్మ కథలోకి వెళ్లిపోయింది.

నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌కి పెట్టుకున్న పరిమితి పెద్దవాళ్ల కార్యక్రమాలకు సెకనుకు 20 అక్షరాలు, పిల్లల వాటికి 17. ఆ వేగం అందుకోలేనివాళ్లు అమెరికాలో కూడా ఉన్నారు. చిన్నపిల్లలు, చూపు తగ్గిన పెద్దలు, అక్షరాలు గజిబిజిగా కనిపించే డిస్లెక్సియా ఉన్నవాళ్లు, అసలు చూపే లేనివాళ్లు. ‘ఆరియా’ ఇంగ్లీషు డబ్బింగ్ వాళ్ల కోసం. పైగా అది నీటి మీద వెలుగు, వంతెనలు, వీధులు తీరిగ్గా చూడాల్సిన సిరీస్. కళ్లన్నీ కింద అక్షరాల మీదే ఉంటే సగం సిరీస్ చూడనట్టే. జపనీస్ గొంతులే ఇష్టమైనవాళ్లకు డిస్క్‌లో ఆ ట్రాక్ కూడా ఉంటుంది. డబ్బింగ్ వచ్చినందువల్ల వాళ్లు పోగొట్టుకున్నదేమీ లేదు.

“నెట్‌లో ఉండగా డిస్క్ ఎందుకు?”

అమెరికాలో యానిమే అమ్మిన ఫునిమేషన్ సంగతి గుర్తు చేస్తాను. ఆ కంపెనీ డిస్కులతో పాటు ఒక కోడ్ ఇచ్చేది. దాన్ని నమోదు చేసుకుంటే అదే సిరీస్ యాప్‌లో కూడా చూసుకోవచ్చు. ఫునిమేషన్ మరో యానిమే స్ట్రీమింగ్ సంస్థ క్రంచీరోల్‌లో కలిసిపోయాక 2024 ఏప్రిల్ 2న ఆ యాప్ మూసేశారు. డబ్బు పెట్టి కొన్న డిస్కులతో వచ్చిన ఆ డిజిటల్ కాపీలు కొత్త చోటికి బదిలీ చెయ్యలేదు. బీరువాలో ఉన్న డిస్కులు మాత్రం ఎప్పటిలాగే ఆడుతున్నాయి. ‘ఆరియా’ తెచ్చిన రైట్ స్టఫ్‌నే 2022లో క్రంచీరోల్ కొనేసింది. రేపు ఏ సిరీస్ ఏ యాప్‌లో ఉంటుందో, ఏది తీసేస్తారో చూసేవాళ్ల చేతిలో లేదు.

మన జిల్లాల్లో ఇంకో కారణం ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వైపు కరెంటు తిరిగొచ్చాక కూడా నెట్ చాన్నాళ్లు సరిగా లేదు. అలాంటప్పుడు ఇంట్లో ఉన్నదే ఉన్నట్టు. డిస్క్ శాశ్వతం అని నేననను. సముద్రపు గాలి తగిలే బరంపురంలో చెమ్మకు డిస్కులు పాడైపోతాయి, వాటిని జాగ్రత్తగా దాచుకోవాలి. అయినా అది మన చేతిలో ఉన్న జాగ్రత్త.

“మనకెందుకు ఈ గోల?”

మెసేజ్ చివర్లో ఉన్న ఈ ప్రశ్నలో కాస్త న్యాయం ఉంది. బ్లూ-రేలను ప్రాంతాల వారీగా విడగొట్టారు. అమెరికా, జపాన్ ‘A’ రీజియన్, మనది ‘C’. ‘A’ రీజియన్‌లోనే ఆడేలా తాళం వేసిన డిస్క్ మన ప్లేయర్‌లో ఆడదు. విదేశీ చెల్లింపు జరిగే కార్డు కావాలి, పోస్టేజీ డిస్క్ ధరకు దగ్గరగా ఉండొచ్చు, కస్టమ్స్ సుంకం పడొచ్చు. జీతం డబ్బులు లెక్కపెట్టుకునే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. కాబట్టి కట్టాలనుకునేవాళ్లు ముందు నాలుగు సంగతులు చూసుకోండి: హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయి, వాళ్లు ఇంతకుముందు చెప్పింది ఇచ్చారా, డిస్క్ ఏ రీజియన్‌ది, ఇండియాకు పోస్టేజీ ఎంత. వీటికి ప్రాజెక్టు వివరాల్లో జవాబు దొరక్కపోతే కట్టకండి.

వద్దనుకున్నవాళ్లు కట్టక్కర్లేదు, ఎవరి డబ్బు వాళ్ల ఇష్టం. కానీ ఆ మెసేజ్ ఇంకొకరికి పంపేముందు “పైసా ఖర్చు లేదు”, “జేబులోకే” అన్న రెండు వాక్యాలైనా తీసేసి పంపండి.