గాజు సీసా దగ్గర మొదలైన క్లాసు: మన తిరుపతి పిల్లలకి ఆన్‌లైన్ ఎక్స్‌చేంజ్ ఎందుకు కావాలంటే

పోయిన ఏడాది అక్టోబర్‌లో మా పీజీ పిల్లలు 18 మంది, జర్మనీలో ఒక యూనివర్సిటీ పిల్లలు 20 మంది కలిసి 6 వారాలు ఆన్‌లైన్‌లో ఒక పని చేశారు. టాపిక్ పెద్దదేం కాదు, వందల మంది, వేల మంది ఒకేచోట తిని తాగే చోట చెత్త ఏమవుతుంది, అంతే. వాళ్ళు వాళ్ళ యూనివర్సిటీ క్యాంటీన్ గురించి చెప్పాల, దాన్ని వాళ్ళు మెన్సా అంటారు, మనోళ్ళు తిరుమల గురించి చెప్పాల.

రెండో వారంలో ఒక జర్మన్ అబ్బాయి ప్లాస్టిక్ బాటిల్ కెమెరా ముందు పెట్టి, దీని మీద 25 సెంట్లు డిపాజిట్ ఉంది, ఖాళీ బాటిల్ షాపులో మిషన్‌లో వేస్తే ఆ డబ్బు వెనక్కొస్తుంది, మా దేశంలో ఈ పద్ధతి 2003లో మొదలైంది అని చెప్పాడు. మనోళ్ళు నోరు తెరుచుకుని వింటున్నారు, ఫారిన్ వాళ్ళు ఎంత ముందున్నారో అన్నట్టు. అప్పుడు పాకాల నుంచి రోజూ వచ్చిపోయే ఒక అమ్మాయి, అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడనిది, మ్యూట్ తీసి "మా కొండ మీద కూడా ఇంతే కదా" అనింది. తిరుమలలో ప్లాస్టిక్ వాటర్ బాటిళ్ళు అమ్మనీరు, గాజు సీసాలో నీళ్ళు అమ్ముతారు, ఖాళీ సీసా తిరిగిస్తే సీసా డబ్బులు తిరిగిచ్చేస్తారు. చిన్నప్పటి నుంచి కొండకి పోతా వస్తా ఉన్న పిల్లే గానీ, అదొక విషయమని, అది ఇంకో దేశం వాళ్ళకి చెప్పదగ్గ విషయమని ఆ పిల్లకి ఆ నిమిషం దాకా తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు.

ఇక వాళ్ళు వదల్లేదు. ఆ సీసాలు ఎవరు కడుగుతారు, నూటికి ఎన్ని వెనక్కొస్తాయి, బస్సు టైమైపోయిందని తిరిగివ్వకుండా పోయేవాళ్ళ సీసాలు ఏమవుతాయి అని వరసగా అడిగారు. ఈ పిల్ల దగ్గర జవాబు లేదు. ఆ శనివారం ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని అలిపిరి మెట్ల దారిలో కొండెక్కి, దారి పొడుగునా షాపుల వాళ్ళని అడిగి రాసుకొచ్చింది. ఒక షాపాయన చెప్పాడంట, కొందరు సీసా గోడ మీద పెట్టేసి వెళ్ళిపోతారమ్మా, వాటిని ఎవరో ఏరుకొచ్చి ఇచ్చి డబ్బులు తీసుకుంటారు అని. తర్వాతి వారం ఆ మాట చెప్తే అవతల ఒకమ్మాయి కాసేపు ఆగి, మా ఊర్లో కూడా రాత్రిపూట టార్చిలైటు పెట్టుకుని చెత్తడబ్బాల్లో బాటిళ్ళు వెతికే ముసలివాళ్ళు ఉన్నారు, వాళ్ళ గురించి మేం ప్రజెంటేషన్‌లో పెట్టలేదు అనింది. ఆ రోజు ఇద్దరూ కలిసి రిపోర్టు టైటిలే మార్చుకున్నారు. చెత్త గురించి మొదలుపెట్టిన రిపోర్టు ఆ సీసాలు ఏరే మనుషుల గురించి అయిపోయింది.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, వర్చువల్ ఎక్స్‌చేంజ్, అంటే ఈ ఆన్‌లైన్ ఎక్స్‌చేంజ్ అనగానే మన కాలేజీల్లో వెంటనే గుర్తొచ్చేది వేరే ఒకటి. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ప్రతి కాలేజీ అంతర్జాతీయ వెబినార్ పెట్టింది, విదేశం నుంచి ఒకాయన గంట మాట్లాడతాడు, మనం కెమెరా ఆఫ్ చేసి కూర్చుంటాం, చివర్లో గూగుల్ ఫామ్ నింపితే ఈ-సర్టిఫికెట్ మెయిల్‌కి వస్తుంది. నా దగ్గరే అట్లాంటివి ముప్పైకి పైగా ఉన్నాయి, అందులో ఏ ఒక్కటి వల్లా నా క్లాసులో ఒక్క పిల్లకి ఇంకో దేశం పిల్ల పేరు తెలియలేదు. ప్రభుత్వం ఆన్‌లైన్‌లో నడిపే స్వయం కోర్సులు మంచివే, రికార్డు చేసిన పాఠాలు మంచివే, కానీ అవి పాఠం ఇటు రావడం మాత్రమే, ఇక్కడి నుంచి అటు పోయేది ఏమీ ఉండదు. ఎక్స్‌చేంజ్ అంటే ఇచ్చిపుచ్చుకోవడం కదా. మనం ఇచ్చేది ఏదీ లేనప్పుడు దాన్ని ఆ పేరుతో పిలవకూడదని నా గట్టి అభిప్రాయం.

ఈ పద్ధతి కోవిడ్‌తో పుట్టింది కూడా కాదు. న్యూయార్క్ రాష్ట్ర యూనివర్సిటీ వ్యవస్థ, సునీ అంటారు, అందులో పర్చేజ్ కాలేజీలో సినిమా పాఠాలు చెప్పే జాన్ రూబిన్ తన స్టూడెంట్స్‌ని వేరే దేశం స్టూడెంట్స్‌తో కలిపి వీడియోలు చేయించడం మొదలుపెట్టి, 2006లో సునీలో దీనికోసం ఒక సెంటరే పెట్టాడు. ఈ పద్ధతికి కాయిల్, అంటే వేరే దేశాల పిల్లలు ఆన్‌లైన్‌లో కలిసి నేర్చుకోవడం, అనే పేరు అక్కడిదే. రెండు దేశాల్లో ఇద్దరు టీచర్లు, వాళ్ళవాళ్ళ సబ్జెక్ట్ వాళ్ళు చెప్పుకుంటూనే, మధ్యలో కొన్ని వారాలు పిల్లల్ని కలిపి ఒక పని చేయిస్తారు. ముందు పరిచయాలు, తర్వాత పోల్చి చూసుకోవడం, తర్వాత కలిసి ఏదో ఒకటి తయారు చేయడం, చివర్లో ఏం నేర్చుకున్నామో రాసుకోవడం. దీనికి కొత్త డిగ్రీ అక్కర్లేదు, కొత్త బిల్డింగ్ అక్కర్లేదు. యూరప్‌లో విద్యార్థుల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపి చదివించే ఎరాస్మస్ పథకం వాళ్ళు 2021 నుంచి దీనికి ఇంకో మెట్టు కలిపారు, బ్లెండెడ్ ప్రోగ్రాం అని, కొంత ఆన్‌లైన్‌లో, 5 నుంచి 30 రోజులు మాత్రం పిల్లలు అందరూ ఒక ఊర్లో కలుసుకుంటారు.

వినడానికి బ్లెండెడ్ అనేది చాలా బాగుంటుంది. మన పిల్లల దగ్గరికి వచ్చేసరికి అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ ఎరాస్మస్ కార్యక్రమానికి కనీసం 3 దేశాల నుంచి 3 సంస్థలు కావాలి, ఆ లెక్క యూరప్ దేశాలతోనే నిండిపోతుంది, మనలాంటి వాళ్ళం పైన చేరే వాళ్ళమే. ఆన్‌లైన్ భాగంలో అందరూ సమానంగా పని చేస్తారు, ఆ వారం రోజుల ప్రయాణం వచ్చేసరికి ఒకవైపు పిల్లలు రైలెక్కి పక్క దేశం పోతారు, మన పిల్లలకి పాస్‌పోర్ట్, వీసా ఇంటర్వ్యూ కోసం చెన్నై, టికెట్ లక్ష, ఇంట్లో అడగాలంటే భయం. మా బ్యాచ్‌లో 18 మందిలో పాస్‌పోర్ట్ ఉన్నది ఇద్దరికే. ఆరు వారాలు కలిసి పనిచేసి, చివర్లో స్నేహితులు కలుసుకునే ఫొటోలో నువ్వు ఉండవని తెలిస్తే ఆ పిల్లకి ఎట్లుంటుందో ఆలోచించండి.

2023-24లో అమెరికాలో చదివే భారతీయ విద్యార్థులు 3.31 లక్షల మంది, చైనాని దాటి మనం మొదటి స్థానంలోకి వచ్చాం. లీలామహల్ సర్కిల్ నుంచి బాలాజీ కాలనీ దాకా నడిస్తే కన్సల్టెన్సీ బోర్డులే ఆ సంగతి చెప్తాయి. కానీ ఎస్వీ యూనివర్సిటీలో, పద్మావతి మహిళా యూనివర్సిటీలో, చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల్లో చదివే పిల్లల్లో చాలామంది ఎప్పటికీ విమానం ఎక్కరు, ఈ మాట వాళ్ళని తక్కువ చేయడానికి అనడం లేదు, ఎక్కగలిగినోళ్ళకి ఎట్లాగూ దారి ఉంది కాబట్టి అంటున్నాను. ఎక్స్‌చేంజ్ ఎవరి కోసం అని అడిగితే నా జవాబు ఈ పిల్లల కోసం అనే.

అందుకే బ్లెండెడ్‌లో ఆ కలుసుకునే భాగం ఎక్కడ జరగాలి అనేది మనమే తిప్పి ఆలోచించాల. శ్రీసిటీ మన తిరుపతి జిల్లాలోనే ఉంది. ఇసుజు, కోబెల్కో లాంటి జపాన్ కంపెనీల ఫ్యాక్టరీలు అక్కడున్నాయి, జపాన్ ఇంజనీర్లు మేనేజర్లు అక్కడ పని చేస్తున్నారు. మన కామర్స్ పిల్లలు, ఇంజనీరింగ్ పిల్లలు జపాన్‌లో ఒక క్లాసుతో ఆన్‌లైన్‌లో పని చేసి, చివరి వారం వీళ్ళు శ్రీసిటీలో, వాళ్ళు అక్కడ తమ ఊరి ఫ్యాక్టరీలో ఒకే రకం విషయం స్వయంగా చూసి వచ్చి మాట్లాడుకుంటే అది బ్లెండెడ్ కాదా? బస్సు ఖర్చుతో అయిపోయే పని. డబ్బు దొరికిన ఏడాది వాళ్ళే ఇక్కడికి రావచ్చు, శ్రీకాళహస్తిలో కరక్కాయ రసం పాలు కలిపి గుడ్డ తడిపి ఆరబెట్టి, వెదురు పుల్ల కలంతో గీత గీసే కళంకారీ ఇంటి వరండాలో కూర్చుని నేర్చుకునేది జూమ్‌లో రాదు, దాని కోసం వాళ్ళు రావాల్సిందే.

జపాన్ మాట ఊరికే ఎత్తలేదు, దానికి గడియారం లెక్క కూడా ఉంది. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు, వాళ్ళకి మధ్యాహ్నం 1 అయితే మనకి ఉదయం 9:30, పైగా వాళ్ళు ఏడాదిలో గడియారం మార్చరు. మామూలు కాలేజీ టైంలో మొదటి పీరియడ్‌లోనే పెట్టుకోవచ్చు. ఇంకో విషయం, జపనీస్ వాక్యం కూడా మనలాగే క్రియ చివర్లో పెట్టుకుంటుంది, మన విభక్తుల్లాంటి ముక్కలు మాట వెనకే తగులుతాయి, భాష పిల్లలకి అదొక్కటే ఒక సెమిస్టర్ పని. అమెరికా తూర్పు తీరంతో అయితే తేడా పదిన్నర గంటలు, ఎండాకాలం తొమ్మిదిన్నర, ఎవరో ఒకరు నిద్ర మానుకోవాల్సిందే.

జర్మనీతో మాకు అయిన తిప్పలు ఇక్కడ చెప్పాల. అక్కడ వింటర్ సెమిస్టర్ అక్టోబర్ మధ్యలో మొదలవుతుంది, మన సెమిస్టర్ అప్పటికి సగం దాటేసుంటుంది, నవంబర్ ఆఖరుకి మనకి పరీక్షలు, డిసెంబర్‌లో వాళ్ళకి క్రిస్మస్ సెలవులు. రెండూ కలిసేది ఆ ఆరు వారాలే. మొదటి రెండు క్లాసులు వాళ్ళ మధ్యాహ్నం 2కి, మనకి సాయంత్రం 5:30కి జరిగాయి. అక్టోబర్ ఆఖరి ఆదివారం యూరప్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, మాకెవరికీ గుర్తులేదు, ఆ వారం మేం గంట ముందే లాగిన్ అయి ఖాళీ స్క్రీన్ చూస్తా కూర్చున్నాం. అక్కడి నుంచి క్లాసు 6:30కి పడింది. హాస్టల్ అమ్మాయిలకి అది రోల్‌కాల్ టైం, ప్రతి వారం వార్డెన్‌కి లెటర్ రాయాల్సొచ్చింది. పాకాల పిల్ల అయితే చివరి మూడు క్లాసులు బస్సులో నుంచే చేసింది, ఇయర్‌ఫోన్ పెట్టుకుని, కండక్టర్ టికెట్ అడిగితే చెయ్యి చూపిస్తా. చంద్రగిరి దాటినాక సిగ్నల్ పోయేది, ఆమె చెప్తున్న వాక్యం సగంలో ఆగిపోయేది, అవతల పిల్లలు కదలకుండా ఎదురుచూసేవాళ్ళు. అన్ని వేల కిలోమీటర్ల దూరం దాటి వచ్చిన క్లాసు పాకాల రోడ్డు మీద ఆగిపోయేది.

ఇంగ్లీష్ గురించి పిల్లల్లో ఉన్న భయం మాత్రం మొదటి వారంలోనే సగం పోయింది. జర్మన్ పిల్లలకి కూడా ఇంగ్లీష్ సొంత భాష కాదు, వాళ్ళూ పదం దొరక్క ఆగుతారు, చేతులు తిప్పుతారు. "మేడం, వాళ్ళు కూడా మనలాగే వెతుక్కుంటా ఉండారు" అని ఒక పిల్లోడు చెప్పినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. పదిహేనేళ్ళుగా కమ్యూనికేషన్ స్కిల్స్ చెప్తున్నాను, ఆ ధైర్యం నేను ఇవ్వలేకపోయాను.

మరి అడ్డం ఏముంది? రూల్స్ అడ్డం అనుకుంటారు చాలామంది. యూజీసీ 2022లో విదేశీ యూనివర్సిటీతో కలిసి ఇచ్చే ట్విన్నింగ్, జాయింట్, డ్యూయల్ డిగ్రీలకి నిబంధనలు తెచ్చింది, విదేశీ యూనివర్సిటీ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి వెయ్యిలో ఉండాలి, మన సంస్థకి కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్‌లో కనీసం 3.01 స్కోరు ఉండాలి లేదా కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలో ఉండాలి, ఇట్లాంటివి. ఆన్‌లైన్ డిగ్రీలకి ఆ నిబంధనలు వర్తించవని కూడా అందులోనే ఉంది. కానీ అవి డిగ్రీల సంగతి. ఉన్న పేపర్‌లోనే ఆరు వారాల పని పెట్టి దానికి ఇంటర్నల్ మార్కులు ఇవ్వడానికి ఇవేవీ అడ్డం రావు. డిపార్ట్‌మెంట్ ఒప్పుకుంటే చాలు. మా దగ్గర అడ్డమైంది వేరే, ఆ ఆరు వారాలకి ముందు నేను, జర్మన్ మేడం కలిసి ప్లాన్ చేసిన నలభై గంటలు ఎవరి వర్క్‌లోడ్‌లోనూ రాలేదు. ఎంఓయూ, అంటే రెండు సంస్థల ఒప్పందం, దాని సంతకం ఫొటో ఫైల్‌లోకి పోతుంది, న్యాక్ వచ్చినప్పుడు చూపిస్తారు, ఆ ఎంఓయూని నడిపే టీచర్‌కి వారంలో రెండు పీరియడ్లు తగ్గించమంటే మాత్రం అట్లాంటి కాలమ్ లేదంటారు. ఒక టీచర్ ఇష్టంతో ఒక ఏడాది నడుస్తుంది, ఆ టీచర్ ట్రాన్స్‌ఫర్ అయితే ఆగిపోతుంది. ఇది మారకపోతే మిగతా ఏం మాట్లాడినా లాభం లేదు.

ఇంకొక్కటి, మన దగ్గర ఇప్పటికే ఉండి వృథా అయిపోతున్నది. 2020-21 నుంచి ఆంధ్రలో డిగ్రీ పిల్లలందరికీ పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు, అందులో మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్, మన పిల్లలు సీఎస్‌పీ అంటారు. ఎండాకాలంలో ఒక ఊరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి నీళ్ళ గురించో, ఆవుల గురించో, తోతాపురి మామిడి రేటు గురించో సర్వే చేసి రిపోర్టు రాస్తారు. స్పైరల్ బైండింగ్ చేసిన ఆ రిపోర్టులు స్టాఫ్‌రూమ్ బీరువా మీద గుట్టగా పడుంటాయి, వైవా అయినాక ఎవరూ తెరవరు. అవతల దేశం పిల్లలకి మనం ఇవ్వగలిగిన సరుకు అదే. ఫ్యాక్టరీ గేటు ముందు మామిడి ట్రాక్టర్‌తో రెండు రోజులు క్యూలో నిలబడిన రైతు ఏం చెప్పాడో రాసుకొచ్చిన పిల్ల, యూరప్‌లో మ్యాంగో జ్యూస్ కొని తాగే పిల్లతో కూర్చుని ఆ డబ్బా వెనక ఏం రాసుందో చదివించుకుంటే, ఆ ఇద్దరికీ వచ్చే అర్థశాస్త్రం పుస్తకంలో దొరకదు. చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల సరుకు ఎక్స్‌పోర్ట్ అయ్యేదే కదా.

ఈ ఏడాది మళ్ళీ చేస్తున్నాం, ఈసారి టాపిక్ మామిడి గుజ్జే. జర్మన్ మేడంకి జూలైలోనే మెయిల్ పెట్టాను, అక్టోబర్ ఆఖరి ఆదివారం దాటినాక క్లాసు మీ మధ్యాహ్నం ఒంటిగంటకి జరపండి, అప్పుడు మాకు 5:30 అవుతుంది, పాకాల బస్సు దొరుకుతుంది అని. మధ్యలో ఈ పాకాల బస్సు గొడవ ఎందుకని ఆమె అడగలేదు, తన టైంటేబుల్ మార్చుకుని సరే అని రాసింది.