తుపానులో కావాలి, పరీక్షకు వద్దా?

ఇది 2020 మే నెలాఖరున, కరోనా లాక్‌డౌన్ మధ్య రాసిన మాట. ఆ నెల 20న ఆంఫన్ తుపాను బెంగాల్ మీద విరుచుకుపడింది. కోల్‌కతా లాంటి మహానగరంలోనే కరెంటు పోయి, సెల్‌ఫోన్లు మూగబోయాయి. సాగర్ ద్వీపం వైపు నుంచి కబురు చేరవేయడానికి ఆ రాష్ట్ర హామ్ రేడియో ఆపరేటర్లు, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా రేడియోలో మాట్లాడుకునే ఔత్సాహికులు, సొంత సెట్లు, సొంత బ్యాటరీలతో కూర్చున్నారు. వారిలో ఎవరికీ జీతం లేదు. పెద్ద తుపాను వచ్చిన ప్రతిసారీ అధికారులు వీరి సాయం తీసుకుంటారు, సభ పెట్టి మెచ్చుకుంటారు. కొత్తగా ఈ పనిలోకి వస్తామనే వారికి మాత్రం అదే ప్రభుత్వం రెండు నెలలుగా తలుపు మూసి ఉంచింది. లాక్‌డౌన్‌తో లైసెన్సు పరీక్షలు ఆగిపోయాయి. ఆపినందుకు ఎవరూ తప్పుపట్టరు. కరోనా కాలంలో పాతిక మందిని ఒక గదిలో కూర్చోబెట్టమని ఎవరు అడుగుతారు? ఇంటి నుంచే రాయించే దారి కళ్లముందు ఉండగా అటు చూడకపోవడమే తప్పు.

హామ్ కావాలంటే టెలికం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం పెట్టే పరీక్ష పాసవ్వాలి. పన్నెండేళ్లు నిండిన ఎవరైనా రాయవచ్చు. మొదటి మెట్టయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు గంటసేపు రాసే పేపరు: కొంత ఎలక్ట్రానిక్స్, కొంత రేడియో, మిగిలినది నిబంధనలు. పై మెట్టయిన జనరల్ గ్రేడుకు మోర్స్, అంటే చుక్కలూ గీతల శబ్దాలతో మాట పంపే సంకేతాలు, కూడా ఉంటాయి. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలలో నెలకోసారి, హైదరాబాద్‌లో రెండు నెలలకోసారి ఈ పరీక్ష జరగాలన్నది 2020 నాటి ఏర్పాటు. చిన్న నగరాల్లో అది మరీ అరుదు. మామూలు రోజుల్లోనే శ్రీకాకుళం జిల్లా సోంపేట కుర్రాడికి ఇది రైలు టికెట్టు, లాడ్జి గది, తోడుగా వచ్చే నాన్నకు రెండు రోజుల కూలి నష్టం. ఈ లాక్‌డౌన్‌లో అయితే రాష్ట్ర సరిహద్దు దాటడానికే పాసు కావాలి.

బయట ఏం జరుగుతోందో చూడండి. అమెరికాలో ఈ పరీక్షలను ముగ్గురు వాలంటీర్ ఎగ్జామినర్లు కలిసి నిర్వహిస్తారు. వీడియో ద్వారా పెట్టుకోవడానికి తమ నిబంధనలేవీ అడ్డు కావని, ముందస్తు అనుమతి కూడా అక్కర్లేదని అక్కడి కమ్యూనికేషన్స్ కమిషన్ 2020 ఏప్రిల్ నెలాఖరున తేల్చిచెప్పింది. అభ్యర్థి కెమెరా తిప్పి గదంతా చూపిస్తాడు, బల్ల ఖాళీగా ఉందని చూపిస్తాడు, ముగ్గురి కళ్లముందు రాస్తాడు. బ్రిటన్‌లో రేడియో సొసైటీ ఏప్రిల్‌లోనే మొదటి మెట్టయిన ఫౌండేషన్ పరీక్షను ఇళ్లకు చేర్చింది. దానికోసం ప్రాక్టికల్‌ను సైతం పక్కన పెట్టారు. అమెరికా లైసెన్సుకు ఆ దేశ పౌరసత్వం కూడా అక్కర్లేదు. అంటే డాలస్‌లో చదువుకుంటున్న మన నెల్లూరు అబ్బాయి హాస్టల్ గదిలోంచే పరీక్ష రాసి, రేడియోలో తన గుర్తింపు పేరయిన కాల్‌సైన్ తెచ్చుకోగలడు. నెల్లూరులో ఉన్న అతని తమ్ముడికి సొంత దేశంలో ఆ అవకాశం లేదు.

ఇంటి పరీక్షలో కాపీ కొడతారని, ఒకరి బదులు మరొకరు రాస్తారని, రేడియో దేశ భద్రతతో ముడిపడినదని అంటున్నవారున్నారు. ఆ జాగ్రత్త అవసరమే. అయితే ఈ అనుమానం ఈ ఒక్క పరీక్ష దగ్గరే ఎందుకు పుడుతోంది? ముఖం చూసి వీడియోలో ఖాతాదారును గుర్తించవచ్చని రిజర్వు బ్యాంకు జనవరిలోనే బ్యాంకులకు చెప్పింది. డాక్టరు రోగిని ఫోన్‌లో, వీడియోలో చూసి మందు రాయవచ్చని లాక్‌డౌన్ మొదలైన రోజే మార్గదర్శకాలు వచ్చాయి. సుప్రీంకోర్టు వీడియోలో వాదనలు వింటోంది. ప్రధాని ఏప్రిల్ 24న సర్పంచులతో వీడియోలోనే మాట్లాడారు. ఒక మనిషి డబ్బు, ఒక మనిషి ప్రాణం, ఒక మనిషి స్వేచ్ఛ కెమెరా ముందు తేల్చవచ్చట. గంట పేపరు మాత్రం తేల్చలేరట. ఇది రెండు నాలుకల ధోరణి. మోర్స్ చెవితో విని రాసేది, ఆ చుక్కలూ గీతలూ స్పీకరులోనూ వినిపిస్తాయి. పంపడం చూడాలంటే ఆ సంకేతాలు నొక్కే కీని కెమెరా ముందు పెడితే చాలు. పాసైనవాడి చేతికి వెంటనే ట్రాన్స్‌మిటర్ వచ్చేయదు. లైసెన్సు ఇచ్చేది ప్రభుత్వమే, వివరాలు పరిశీలించుకునే అధికారం దాని దగ్గరే ఉంటుంది.

ఒక్క లైసెన్సు కాగితం విలువ ఎంతో ఢిల్లీకి తెలియకపోతే 2004 డిసెంబరును గుర్తు చేయాలి. అండమాన్ దీవుల నుంచి హామ్ ప్రసారాలకు అంతకుముందు ఏళ్ల తరబడి అనుమతి లేదు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పట్టు వదలకుండా అడిగి సాధించుకుంది. భారతి ప్రసాద్ నాయకత్వంలో బృందం పోర్ట్‌బ్లెయిర్ చేరి, ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటం మొదలుపెట్టింది. 26వ తేదీ ఉదయం భూమి కంపించింది, సముద్రం పొంగింది, టెలిఫోన్లు తెగిపోయాయి. వినోదం కోసం, రికార్డుల కోసం వేసిన యాంటెన్నా ఆ పూట నుంచి దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య దారి అయింది. మావాళ్లు బతికే ఉన్నారా అని అల్లాడుతున్న కుటుంబాలకు ఆమె గొంతు మీదుగానే కబురు అందింది. ఆ అనుమతి ఫైలు ఏదో బల్ల మీద ఇంకో నెల పడి ఉంటే పోర్ట్‌బ్లెయిర్‌లో ఆ సెట్టూ లేదు, ఆ గొంతూ లేదు. ఆ బృందం అక్కడ ఉండటం మన వ్యవస్థ ముందుచూపు వల్ల జరగలేదు. అనుమతి కాస్త ముందే చేతికి అందింది, అంతే.

ఇప్పుడు ఆగిపోయిన పరీక్షలంటే అలాంటి ఎన్ని గొంతులు ఆగిపోయినట్టు? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గ్రామాలు రోజుల తరబడి కరెంటు, ఫోను లేకుండా ఉన్నాయి. అంతకు నాలుగేళ్ల ముందు హుద్‌హుద్ విశాఖను అలాగే చేసింది. ఇలాంటి ఊళ్లలో మండలానికి ఇద్దరు హామ్‌లు ఉంటే ఏ పంచాయతీలో ఎంతమంది చిక్కుకున్నారో మొదటి రాత్రే తెలుస్తుంది. హామ్‌ను తుపాను ముందురోజు తయారు చేయలేం. చదవాలి, పాసవ్వాలి, లైసెన్సు రావాలి, సెట్టు కొనాలి, యాంటెన్నా కట్టాలి, గాలిలో మాట్లాడటం అలవాటవ్వాలి. ఇదంతా నెలల పని. తీరం దాటిన గంటకు హామ్‌ల కోసం వెతకడం, ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడమే.

పైగా ఇంతకంటే మంచి సమయం మళ్లీ రాదు. బడులు లేవు, కాలేజీలు లేవు. టెన్షన్‌తో ఇళ్లలో ముడుచుకున్న పిల్లలు లక్షల్లో ఉన్నారు. నేర్పడానికి సిద్ధంగా ఉన్న పాత హామ్‌లకూ ఖాళీ ఉంది. లేనిదల్లా పరీక్ష తేదీ. డిజిటల్ ఇండియా అని ఊరూరా గోడల మీద రాసుకున్న ప్రభుత్వంలో, అదీ టెలికం శాఖలో, కెమెరా ముందు పేపరు పెట్టడం తెలియదంటే ఎలా నమ్మాలి? వర్క్ ఫ్రమ్ హోమ్ మీద ఐటీ కంపెనీలకు వెసులుబాట్లు ఇచ్చింది ఈ శాఖే. ఇంటి నుంచి పని చేయవచ్చని తనే చెప్పి, ఇంటి నుంచి పరీక్ష మాత్రం కుదరదనడం తన మాటకు తనే కట్టుబడకపోవడం.

ముందు రెస్ట్రిక్టెడ్ గ్రేడుతో మొదలుపెట్టండి. ఒక్కో విడతకు పదిమందినే తీసుకోండి. రెండు కెమెరాలు పెట్టించండి, అనుమానం వస్తే పేపరు రద్దు చేయండి, లాక్‌డౌన్ ముగిశాక మౌఖికంగా మళ్లీ ప్రశ్నించండి. ఇవన్నీ షరతులుగా రాసుకోవచ్చు. రాసుకోవడానికి ఒక సర్క్యులర్ చాలు, కొత్త చట్టం అక్కర్లేదు. ఆంధ్రా తీరానికి అక్టోబరు నుంచి తుపాన్ల రోజులు మొదలవుతాయి. అప్పుడు కంట్రోల్ రూములో కూర్చుని మళ్లీ హామ్‌లకు ఫోన్ చేసే అధికారులు, ఈ రెండు నెలలుగా పుస్తకాలు ముందేసుకుని ఎదురుచూస్తున్న పిల్లలకు పరీక్ష ఎప్పుడో ఈ వారంలోనే చెప్పాలి.