సవరణ: ఎలుకల మందు తిన్న కుక్కకు ఉప్పునీళ్లు పట్టొద్దు

ఎలుకల మందు తిన్న కుక్కకు ఉప్పునీళ్లు పట్టి కక్కించమని ముందటి పోస్టులో ఉంది. ఆ వాక్యం తీసేశాం. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి వణుకు, ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు.

ముందు ప్యాకెట్ మీద మందు పేరు చూడండి. రక్తం గడ్డకట్టనివ్వని బ్రోమాడియోలోన్ అయితే కుక్క రెండు మూడు రోజులు హుషారుగానే తిరుగుతుంది, అది చూసి మోసపోవద్దు. రక్తస్రావం ఆ తర్వాతే మొదలవుతుంది. దీనికి విటమిన్ కె1 వారాల తరబడి వాడాలి, కె3 పనిచేయదు.

నల్లటి పొడిగా ఉండే జింక్ ఫాస్ఫైడ్ అయితే అన్నం, పాలు ఏవీ పెట్టొద్దు. తిండి పడితే కడుపులో ఆమ్లం ఊరి, ఫాస్ఫీన్ వాయువు ఇంకా ఎక్కువ పుడుతుంది. పశువైద్యుడి దగ్గరికి వెళ్లే దారిలో కక్కితే కారు అద్దాలు దించండి, ఆ గాలి మనకూ విషమే.

యాసిడ్, కిరోసిన్ తాగితే అసలు కక్కించకూడదు. ప్యాకెట్‌తో సహా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.