డేర్‌డెవిల్: ఊదరగొట్టినంత ఉందా?

పదేళ్ళుగా ఎవరో ఒకరు నాకు 'డేర్‌డెవిల్' అనే అమెరికన్ సూపర్‌హీరో సిరీస్‌లోని ఆ కారిడార్ ఫైట్ క్లిప్ పంపుతూనే ఉన్నారు. ఆఫీసు గ్రూపులో ఒకసారి, కాలేజీ గ్రూపులో రెండుసార్లు. మా బావమరిది అయితే ప్రతి పండక్కీ అదే పాట. "పచ్చిగా ఉంటుంది బావా, రక్తం కారిపోతుంటుంది. మిగతా సూపర్‌హీరోలంతా దీని ముందు పిల్లకాయలు." ఆ మాట విన్నప్పుడల్లా చూడాలన్న కోరిక నాకు ఇంకాస్త చచ్చిపోయేది. రక్తం చూడటానికి ముప్పై గంటలు కూర్చోవాలా?

చివరికి పోయినేడు మొత్తం చూశాను. నెట్‌ఫ్లిక్స్ కోసం 2015, 2016, 2018ల్లో వచ్చిన మూడు సీజన్లు, సీజన్‌కి 13 చొప్పున 39 ఎపిసోడ్లు. ఆ తర్వాత 2025లో డిస్నీ ప్లస్ తెచ్చిన 'బోర్న్ అగైన్' మొదటి సీజన్, ఇంకో 9. ఖమ్మంలో మా బాబాయ్ పక్కన కూర్చుని చూశాను. బాబాయ్‌కి చూపు లేదు.

అందుకే ఇది రాస్తున్నాను. ఈ సిరీస్‌ని పొగిడేవాళ్ళు దేన్ని పొగుడుతున్నారో నాకు అర్థం కావట్లేదు. అసలు పొగడాల్సింది పక్కన పెట్టేసి రక్తాన్ని పొగుడుతున్నారు. (కథంతా చెప్పేస్తాను. చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.)

బాబాయ్ ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. షుగర్ కళ్ళమీద పడింది. ముందు ఒక కన్ను, ఏడాది తిరక్కుండా రెండోది. జీవితమంతా కిక్కిరిసిన బస్సులో నిలబడ్డ మనిషి కదా, చెవులు మాత్రం ఇప్పటికీ బస్సులోనే ఉన్నట్టుంటాయి. గేటు చప్పుడు విని వచ్చింది ఎవరో చెప్పేస్తాడు. కళ్ళు లేని హీరో కథ ఒకటుందని నేనంటే, "పెట్టరా, చూద్దాం" అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చూపు లేనివాళ్ళ కోసం తెరమీద జరిగేదాన్ని ఒక గొంతు చెబుతూ ఉంటుంది, దాన్ని ఆడియో డిస్క్రిప్షన్ అంటారు. 2015 ఏప్రిల్ 10న ఈ సిరీస్ విడుదలైనప్పుడు అది లేదు! గుడ్డి లాయర్ కథ తీసి, ఆ కథ వినే దారి గుడ్డివాళ్ళకే ఇవ్వలేదు. వాళ్ళు ఊరుకోలేదు, గట్టిగా అడిగారు. నాలుగు రోజుల్లో, ఏప్రిల్ 14న, నెట్‌ఫ్లిక్స్ దీనికి ఆడియో డిస్క్రిప్షన్ పెడుతున్నట్టు ప్రకటించింది. నెట్‌ఫ్లిక్స్‌లో ఆ పద్ధతి మొదలైందే ఈ సిరీస్‌తో. నా దృష్టిలో ఈ సిరీస్ చేసిన పెద్ద మంచిపని అదే. అయితే ఆ గొంతు ఇంగ్లీషులో మాట్లాడుతుంది, బాబాయ్‌కి సగమే అందుతుంది. మిగతా సగం నేను చెప్పేవాణ్ణి. "ఇప్పుడు మెట్లు దిగుతున్నాడు బాబాయ్." "వాడి చేతిలో తుపాకీ ఉంది."

ఇక ఆ కారిడార్. దాన్ని ముక్కగా కోసి ఫోన్లో చూస్తే ఏమీ మిగలదు, నా మాట నమ్మండి. మొదటి సీజన్ రెండో ఎపిసోడ్ మొదట్లోనే మన హీరో మ్యాట్ మర్డాక్, పగలు లాయరు, రాత్రి ముసుగేసుకుని ముఠాలతో కొట్టుకునేవాడు, చావుదెబ్బలు తిని చెత్తడబ్బాలో పడి ఉంటాడు. రష్యన్ ముఠా ఎత్తుకుపోయిన ఒక చిన్న పిల్లాడి కోసం వెళ్ళి వాళ్ళ వలలో పడ్డాడు. క్లేర్ అనే నర్సు ఇంట్లో పడుకోబెట్టి కుట్లు వేస్తుంది. ఊపిరందక గిలగిల్లాడుతుంటే ఛాతీలో సూది గుచ్చి గాలి బయటికి తీస్తుంది. ఆ కుట్లు ఆరకముందే మళ్ళీ ఆ పిల్లాడి కోసమే బయల్దేరతాడు. ఎపిసోడ్ చివర్లో ఉంటుంది ఫైట్. ఆ గంటసేపటి నొప్పి మనకి తెలిసి ఉంటేనే దానికి విలువ.

షాట్ ఎక్కడా తెగినట్టు కనపడదు. చెవులు పగలగొట్టే సంగీతం లేదు. కెమెరా కారిడార్ దాటదు. అతను పక్క గదిలోకి దూరితే లోపల ఏం జరుగుతోందో మనకి చూపించరు. దబ్బున ఒక చప్పుడు. ఎవరిదో మూలుగు. ఏదో పగిలింది. తలుపులోంచి మైక్రోవేవ్ ఓవెన్ ఎగిరొచ్చి ఒకడికి తగులుతుంది. నేను చెప్పడానికి నోరు తెరిచాను. ఏం చెప్పను? నాకూ కనపడట్లేదు. బాబాయ్ నా మోచేయి పట్టుకుని, "ఆగరా, వినపడుతోంది" అన్నాడు.

ఆ కాసేపు మేమిద్దరం ఒకే సినిమా చూశాం. నాకు ఎక్కువా లేదు, ఆయనకి తక్కువా లేదు. ఇన్నేళ్ళలో ఒక తెర ముందు మాకు అలా జరగడం అదే మొదటిసారి.

కిందపడ్డవాళ్ళు మళ్ళీ లేస్తారు. కొట్టినవాడు గోడకి చేరగిలబడి రొప్పుతాడు. ఒక్క గుద్దుకి రెండు ఊపిర్లు తీసుకోవాల్సి వస్తుంది. "వీడు అలిసిపోయాడ్రా" అన్నాడు బాబాయ్. అంతే. ఈ సిరీస్ గురించి నేను చదివిన రివ్యూలన్నిటికన్నా ఆ ఒక్క మాట నిజం. మన సినిమాల్లో హీరో చెయ్యెత్తితే సుమోలు బోల్తా పడతాయి. అదీ నాకిష్టమే, థియేటర్లో ఈల వేసినవాణ్ణే. కానీ ఆ హీరో అలిసిపోవడం నేనెప్పుడూ వినలేదు. ఇక్కడ ప్రతి దెబ్బకీ కొట్టినవాడు కూడా లెక్క కట్టుకుంటాడు. చివర్లో తలుపు తీసి పిల్లాణ్ణి ఎత్తుకుని అదే కారిడార్లో నడిచి వెళ్తుంటే, ఆ అడుగులు ఈడ్చుకుంటున్నట్టు వినపడతాయి. 'గ్రిటీ' (పచ్చిగా, కరుకుగా ఉంది) అని అందరూ అనేది దీన్నైతే నాకు అభ్యంతరం లేదు.

విలన్ విల్సన్ ఫిస్క్ దగ్గరికొస్తే ఎంత చెప్పినా తక్కువే. విన్సెంట్ డొనోఫ్రియో చేశాడు. విలన్ అంటే గొంతు చించుకుంటాడనుకుంటాం. ఇతను ప్రతి వాక్యానికీ ముందు ఆగుతాడు, ముక్కుతో గాలి పీలుస్తాడు, మాట దొరక్క వెతుక్కుంటాడు. మూడో ఎపిసోడ్ చివర్లో ఒక ఆర్ట్ గ్యాలరీలో పూర్తిగా తెల్లటి పెయింటింగ్ ముందు నిలబడి ఉంటాడు. అది చూస్తే ఏమనిపిస్తోంది అని ఆ గ్యాలరీలో పనిచేసే వెనెసా అడిగితే, ఒంటరిగా ఉన్నట్టుంది అంటాడు. మనకి అతను పరిచయమయ్యేదే అలా. ఎనిమిదో ఎపిసోడ్‌లో తెలుస్తుంది ఆ తెలుపు ఏమిటో. చిన్నప్పుడు తండ్రి అతన్ని ఒక గోడ ముందు కూర్చోబెట్టి చూస్తూ ఉండమన్నాడు. వెనక అమ్మని బెల్టుతో కొడుతున్న చప్పుడు. పిల్లాడు లేచి సుత్తి తీసుకున్నాడు. పెద్దయ్యాక కూడా రోజూ ఆ తండ్రి కఫ్‌లింకులే పెట్టుకుంటాడు. ఆ ఎపిసోడ్ అయ్యాక బాబాయ్ చాలాసేపు మాట్లాడలేదు. మేం కూడా ఆ రాత్రికి ఇంకోటి పెట్టలేదు.

అదే ఫిస్క్ నాలుగో ఎపిసోడ్‌లో ఒకడి తలని కారు తలుపుతో నుజ్జు చేస్తాడు. ఆ క్లిప్ కూడా గ్రూపుల్లో తిరుగుతుంది. ఎందుకు చేశాడో మాత్రం ఎవరూ చెప్పరు. ఒక ఆడమనిషితో ధైర్యం చేసి భోజనానికి కూర్చుంటే, వాడు మధ్యలో వచ్చి ఆమె ముందు పరువు తీశాడు. సిగ్గుపడ్డ మనిషి కోపం అది. ఆ సిగ్గు తీసేసి తలుపు ఒక్కటే ఉంచితే అది కసాయి కొట్టు.

అన్నీ మెచ్చుకోవడానికి రాయట్లేదు. నాకు కోపం తెప్పించినవీ ఉన్నాయి. 13 ఎపిసోడ్లు ఏ సీజన్‌కీ అక్కర్లేదు. తొమ్మిదో పదో చాలు. మధ్యలో ఇద్దరు మనుషులు చీకటి గదిలో నిలబడి ఒకే సంగతిని మూడుసార్లు మాట్లాడుకుంటారు. రక్తం కూడా కొన్నిచోట్ల ఊరికే పోశారు. బౌలింగ్ బంతితో తల పగలగొట్టే సీన్‌లో నేను చెప్పడం మానేశాను. బాబాయ్ కూడా అడగలేదు.

బాబాయ్ అభ్యంతరం వేరే. "వీడు గుడ్డివాడు కాదురా" అన్నాడు ఐదో ఆరో ఎపిసోడ్‌లో. "గుండె చప్పుడు వింటాడు, వాసన పడతాడు, వెనకనుంచి వచ్చేవాణ్ణి పసిగడతాడు. నాకు నిన్న స్టూలు తగిలి గోరు లేచింది." నిజమే. కర్ర, నల్ల కళ్ళద్దాలు బయటి లోకం కోసం, లోపల అతనికి మనకన్నా ఎక్కువ తెలుస్తుంది. చార్లీ కాక్స్ నటన గొప్పది, ఎదుటివాడి మొహం మీద కాకుండా కాస్త పక్కకి నిలిపిన ఆ చూపు ఎక్కడా తప్పలేదు. అయినా బాబాయ్ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. జవాబు పదో ఎపిసోడ్‌లో సిరీసే ఇచ్చింది. స్నేహితుడు ఫాగీకి నిజం తెలిసిపోతుంది. కాలేజీ రోజుల నుంచి చెయ్యి పట్టుకుని నడిపించినవాడు. నువ్వసలు గుడ్డివాడివేనా అని నిలదీస్తాడు, ఏడుస్తాడు. ఎపిసోడ్ అంతా దాదాపు అదే గొడవ. బాబాయ్ అడిగిన ప్రశ్నే ఫాగీ అడిగాడు. ఆ రోజునుంచి బాబాయ్‌కి హీరో కన్నా ఫాగీ అంటేనే ఇష్టం. పేరు పట్టుకోడు, "ఆ నవ్వేవాడు" అంటాడు.

రెండో సీజన్ సగం బంగారం, సగం దండగ. పనిషర్ (నేరస్థుల్ని వేటాడి చంపే మాజీ సైనికుడు) ఉన్న మొదటి నాలుగు ఎపిసోడ్లు చూసి తీరాలి. శ్మశానంలో సమాధిరాయికి ఆనుకుని చెబుతాడు: యుద్ధం నుంచి ఇంటికొచ్చిన రాత్రి కూతురు పుస్తకం చదవమంటే, అలిసిపోయాను, రేపు చదువుతాను అన్నాడట. ఆ రేపు రాలేదు. మళ్ళీ అలసటే చూడండి, ఇంకో రూపంలో. ఆ తర్వాత నింజాలొస్తారు. గుండె చప్పుడు కూడా వినపడనివ్వని శత్రువులు. ఎందుకు తవ్వారో చెప్పని పెద్ద గొయ్యి ఒకటి. "వీళ్ళకి ఊపిరి లేదా?" అన్నాడు బాబాయ్ రెండో ఫైట్‌కే. "లేదు బాబాయ్, నింజాలు." "అయితే ముందుకి జరుపు." జరిపేశాను. ఎవరైనా సీజన్ 2 మొత్తం అద్భుతం అంటే వాళ్ళతో వాదించడానికి నేను సిద్ధం. చావని, అలవని, రొప్పనివాళ్ళతో ఎంతసేపు కొట్టుకుంటే ఏం ఒరుగుతుంది?

మూడో సీజన్ మాత్రం మొదటిదానికి తీసిపోదు. భవనం కూలి మీదపడ్డాక మ్యాట్ చర్చిలో మంచం పట్టి ఉంటాడు. ఒక చెవి పనిచెయ్యదు. ఇన్నాళ్ళూ నమ్ముకున్న వినికిడి పోయింది. దేవుణ్ణి తిడతాడు, తిండి పెట్టేవాళ్ళని తిడతాడు. ఈ మొదటి ఎపిసోడ్ మీద స్లోగా ఉందని చాలామంది విసుక్కున్నారు. మా ఇంట్లో అది అలా సాగలేదు. బాబాయ్‌కి రెండో కన్ను పోయిన ఏడాది ఆయన పళ్ళేలు విసిరికొట్టేవాడు. మా పిన్ని వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి, ఇంగ్లీషు ముక్క రాకపోయినా ఆ సీన్ మొత్తం వింది. జైల్లో పదకొండు నిమిషాల పాటు తెగకుండా సాగే ఫైట్ గురించి అందరూ రాశారు, నేను రాయను. అది గొప్పదే. దాని బలం ఆ చర్చి మంచం మీదినుంచి వచ్చింది.

2018 నవంబర్‌లో ఆపేశారు. అది అన్యాయం, ఇప్పటికీ అంటాను. 'బోర్న్ అగైన్' దగ్గర నా మనసు ఇంకా రెండువైపులా ఉంది. సగం తీశాక పద్ధతి మార్చి కొత్తగా కొన్ని ఎపిసోడ్లు తీసి అతికించారు, ఆ అతుకులు కనపడతాయి. కానీ మొదటి ఎపిసోడ్ మొదట్లో వచ్చే ఒక్క సీన్ కోసం దాన్నీ చూడమంటాను.

బార్ బయట ఫాగీకి తూటా తగులుతుంది. కాల్చినవాడితో మ్యాట్ కొట్టుకుంటూ కొట్టుకుంటూ పైకప్పు దాకా వెళ్తాడు. కింద రోడ్డు మీద వాళ్ళిద్దరి స్నేహితురాలు కారెన్ ఫాగీ గాయాన్ని చేతులతో అదిమి పట్టుకుని ఉంటుంది. పైన దెబ్బలాటలోనూ మ్యాట్ చెవి కిందనే ఉంది, ఫాగీ గుండె మీద. ఆ చప్పుడు మనకీ వినిపిస్తారు. ఒకటి. కాస్త ఆగి ఇంకోటి. ఇంకాస్త ఆగి ఇంకోటి.

బాబాయ్ ముందుకి వంగి కూర్చున్నాడు. నేను తెర చూస్తున్నాను, మ్యాట్ మొహం చూస్తున్నాను, ఎలా చెప్పాలా అని మాటలు కూడబలుక్కుంటున్నాను.

"ఆగిపోయింది" అన్నాడు బాబాయ్. నేనింకా ఏమీ చెప్పలేదు.