ఏ స్తూపం మీదా లేని పేర్లు

1948లో నిజాం సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17 వస్తే హైదరాబాద్‌లో ఎవరి జెండా వారిది, ఎవరి సభ వారిది. కేంద్రం దాన్ని విమోచన దినం అంటుంది. రాష్ట్ర ప్రభుత్వం 2022లో జాతీయ సమైక్యతా దినంగా జరిపింది, 2024లో ప్రజాపాలన దినోత్సవంగా జరిపింది. ఈ పంతాల్లో 1948లో ఊళ్లలో అసలేం జరిగిందో అడిగేవారే కరువయ్యారు.

సిద్దిపేట జిల్లా వీర బైరాన్‌పల్లిలో బురుజు ఇప్పటికీ ఉంది. నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు ఎన్నిసార్లు మీద పడినా ఊరివాళ్లు దాని మీది నుంచే తరిమికొట్టారు. ఆ కసితో 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం సైన్యాన్ని వెంటబెట్టుకొచ్చారు. బురుజు మీద ఫిరంగులు పేల్చారు, చేతికి చిక్కినవారిని వరుసగా నిలబెట్టి కాల్చి చంపారు. ఆ అమరులకు ఎంత మొక్కినా తక్కువే.

మూడు వారాలకు నిజాం లొంగిపోయాడు. నేతల ప్రసంగాలు అక్కడితో ఆగిపోతాయి. చావులు ఆగలేదు. నిజాంను లొంగదీసిన భారత సైన్యం దాడికి పెట్టిన పేరు పోలీసు చర్య. దాని వెంటే ముస్లింల ఊచకోత సాగింది. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం ఆ ఏడాది చివర్లో సంస్థానంలోని పలు జిల్లాలు తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయాయి. లూటీల్లో సైనికులకూ పోలీసులకూ చేయి ఉందని ఆ బృందం రాసింది. తోటి ముస్లిం నేతగాళ్లను కాపాడబోయి హిందూ నేతగాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారనీ రాసింది. అలాంటి నివేదికను దశాబ్దాల పాటు తొక్కిపెట్టారు.

రజాకార్ల పాపాన్ని వాళ్లతో ఏ సంబంధమూ లేని బీదాబిక్కీ మోశారు. వాళ్లకు స్తూపం లేదు, పేర్ల జాబితా కూడా లేదు. ఈ మాట అంటే బైరాన్‌పల్లి త్యాగం చిన్నబోతుందన్న వాదనను మేము ఒప్పుకోం. కమ్యూనిస్టులు నడిపిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో 1951 దాకా యూనియన్ సైన్యం తూటాలకు బలైన రైతుకూలీలూ ఈ నేల బిడ్డలే.

సుందర్‌లాల్ నివేదికను రాష్ట్ర ప్రభుత్వం తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చు వేయించాలి. చంపింది ఎవరైనా సరే, ఆ రోజుల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి పేరూ ఊరి పేరుతో సహా నమోదు చేయించాలి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు ఈ పని అప్పగించి గడువు పెట్టాలి. ఆనాటి సంగతులు కళ్లారా చూసినవారు ఇప్పుడు ఎనభై దాటినవారే. ముందు వాళ్ల ఇళ్లకు వెళ్లాలి.