గడియ అందని పిల్ల మాట ఎవరు వినాలి?

సెప్టెంబర్ 5 దగ్గర పడిందంటే మన బడుల్లో స్వయం పరిపాలన దినోత్సవం సందడి మొదలవుతుంది. ఐదో తరగతి పిల్ల అమ్మ చీర చుట్టుకుని టీచరమ్మ అవుతుంది. ఒకడు హెడ్‌మాస్టర్ (హెచ్‌ఎం), ఇంకొకడు మండల విద్యాధికారి. చూడముచ్చటగానే ఉంటుంది. మర్నాడు ఆ పిల్లే లేచి తాగడానికి గ్లాసుల్లేవని చెబితే మాత్రం ‘ముందు కూర్చో’ అంటాం.

ఆమధ్య ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. మరుగుదొడ్లు కొత్తవి, టైల్స్ మెరుస్తున్నాయి, కుళాయిలో నీళ్లొస్తున్నాయి. అయినా చిన్న తరగతుల ఆడపిల్లలు వాటిని వాడటం లేదు. తలుపు గడియ పెద్దవాళ్ల ఎత్తులో బిగించారు. రెండో తరగతి పిల్లకి అది అందదు. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకోవాలి. తోడు దొరక్కపోతే ఇంటికి వెళ్లేదాకా ఆపుకోవడమే. అందుకని పొద్దున్నుంచి నీళ్లే తాగడం లేదు. ఫొటో తీస్తే టైల్స్ కనబడతాయి కానీ ఈ సంగతి కనబడదు. ఇది చెప్పగలిగింది ఆ పిల్లలే. వాళ్లనెవరూ అడగలేదు.

చట్టం దారి మూసేయలేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో 75 శాతం తల్లిదండ్రులే ఉండాలి. మిగతా స్థానాల్లో కొన్నింటిని స్థానిక విద్యావేత్తలకు గానీ, ఆ బడి పిల్లలకు గానీ ఇవ్వవచ్చని కేంద్రం తయారుచేసిన నమూనా నియమాలు చెబుతున్నాయి. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయం వినాలన్న ఐరాస బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992లోనే ఒప్పుకుంది.

‘ఇంత చిన్నపిల్లలకేం తెలుసు’ అనేవాళ్లకు రాజస్థాన్‌లోని తిలోనియా గ్రామాన్ని చూపించాలి. అక్కడ పగలంతా మేకలు కాసి రాత్రి బడికి వచ్చే పిల్లలు తమ పార్లమెంటును తామే ఎన్నుకున్నారు. టీచర్ వస్తున్నారా లేదా అన్నది కూడా వాళ్లే చూసుకున్నారు. బ్రిటన్‌లోని వేల్స్‌లోనైతే 2005 నిబంధనలతో ప్రభుత్వ ప్రైమరీ స్కూళ్లలోనూ విద్యార్థి కౌన్సిల్ తప్పనిసరైంది. ఏడాదికి కనీసం ఆరుసార్లు కూర్చోవాలి. కౌన్సిల్ ఏది అడిగినా హెడ్ టీచర్, పాలకవర్గం దాన్ని పరిశీలించి జవాబివ్వాలి. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది ఈ జవాబు సంగతే. అడిగినా జవాబు రాదని ఒకసారి తెలిస్తే పిల్లలు మళ్లీ నోరు విప్పరు.

మన దగ్గర క్లాస్ లీడరంటే టీచర్ ఎంపిక చేసిన ఫస్ట్ ర్యాంకరు. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం ఆ లీడర్ పని. మన బడుల్లోనూ విద్యార్థి కౌన్సిల్ పెట్టాలి, కానీ అది అలా కాకూడదు. ఓటు ప్రతి పిల్లకీ ఉండాలి. చదవడం రాని ఒకటో తరగతి పిల్లలు నచ్చినవాళ్ల డబ్బాలో చింతగింజ వేసినా చాలు. ఇద్దరు టీచర్లతో నెట్టుకొస్తున్న బడికి ఇది అదనపు భారమనే మాట నిజమే. అందుకే ఇంకో యాప్, ఇంకో రిపోర్టు వద్దు. శనివారం పావుగంట, ఒక నోట్‌బుక్. ఒక పేజీలో పిల్లలు చెప్పింది, ఎదుటి పేజీలో హెచ్‌ఎం జవాబు. కుదరదంటే ఎందుకు కుదరదో రాయాలి.

యాజమాన్య కమిటీ సమావేశంలో ముందు ఆ నోట్‌బుక్ చదివి, ఆ తర్వాతే మిగతా ఎజెండాకు వెళ్లాలి. చదివేది కూడా పిల్లలే అయ్యుండాలి.