లైట్ తీసుకోండి సార్

చిక్కడపల్లిలో మా గల్లీ మలుపు దగ్గరి స్తంభానికి నాలుగు నెలలుగా లైట్ వెలగడం లేదు. ఆ స్తంభం కిందే నాలా మీద బండ ఒకటి పగిలి ఉంది. వానాకాలం. బాధ్యత గల పౌరుడిగా ఒక కార్యాలయానికి వెళ్ళాను. ఏ కార్యాలయమో చెప్పను, మీరూ వెళ్ళే ఉంటారు.

"ఏం కావాలి సార్?"

"మా గల్లీలో లైట్..."

"లైట్ తీసుకోండి సార్."

నేను చెయ్యి చాపాను. అర్జీ అయినా ఇవ్వకముందే పని అయిపోయిందే అని కళ్ళు చెమర్చాయి కూడా. "ఏ గదిలో తీసుకోవాలండీ? సంతకం ఏమైనా పెట్టాలా?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అట్ల కాదు సార్. లైట్ తీసుకోండి అంటున్నా. గంత టెన్షన్ ఎందుకు?"

"తీసుకుంటానండీ, ఇవ్వండి మరి."

ఆయన పక్క సీటు వైపు తిరిగి, "అన్నా, సార్ లైట్ కోసం వచ్చిండు, లైట్ తీసుకోమంటే తీసుకుంటలేడు" అన్నాడు. ఆ అన్న ఫోన్‌లోంచి తలెత్తకుండానే "లైట్‌గా రాసుకో" అన్నాడు. లైట్‌గా ఎలా రాస్తారో చూద్దామని తొంగి చూశాను. పెన్సిల్‌తో రాస్తున్నాడు. ఇంతలో చాయ్ కుర్రాడు వచ్చి "సార్, లైటా, స్ట్రాంగా?" అని అడిగాడు. అప్పటికి నా నోటికి ఇంకో మాట రావడం మానేసింది. "లైట్" అన్నాను. ఆ కార్యాలయంలో నా చేతికి అందిన లైట్ అదొక్కటే.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం ఒక మనిషి వచ్చాడు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని స్తంభం వైపు చూశాడు. "ఇప్పుడైతే చీకటేం లేదు కద సార్" అన్నాడు. ఆ మాట కాదనలేకపోయాను. సాయంత్రానికల్లా నా సమస్య పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. దాన్ని ఫోన్‌లోని టార్చి వేసుకుని, ఆ స్తంభం కిందే నిలబడి చదివాను.

అప్పటి నుంచి ఈ మాట మీద నిఘా పెట్టాను. భాగ్యనగరంలో ప్రస్తుతం చొక్కా లైట్ కలర్, ఒంట్లో లైట్‌గా జ్వరం, రాత్రికి లైట్‌గా తిండి, బయట లైట్‌గా వాన. "లైట్‌గా తాగాడు" అంటే అతన్ని ఇంటికి మోసుకెళ్ళడానికి ఇద్దరు కావాలని అర్థం. "లైట్‌గా ట్రాఫిక్ ఉంది" అంటే మీరు బయల్దేరకండి. ఒకప్పుడు రంగుకు లేత, చాయ్‌కి పలుచన, తిండికి తేలిక, వానకు సన్నం, గదికి వెలుతురు అని ఎవరి ఉద్యోగం వారికి ఉండేది. అందరికీ ఒకేసారి స్వచ్ఛంద పదవీ విరమణ ఇచ్చి పంపేశాం. ఇప్పుడు ఒక్క మాటే అన్ని సీట్లలో ఇన్‌చార్జి.

పోనీ, తెచ్చుకున్న మాటనైనా సరిగ్గా తెచ్చుకున్నామా? ఇంగ్లీషులో వెలుగు లైట్ వేరు, తేలిక లైట్ వేరు. స్పెల్లింగ్ ఒకటే గానీ వంశాలు రెండు. వెలుగు లైట్ లాటిన్ లక్స్‌కీ, కాంతి అని అర్థమున్న మన రోచిస్సుకీ చుట్టం. తేలిక లైట్ మన లఘువుకి సాక్షాత్తూ దాయాది. లంగ్స్ అన్న మాట కూడా ఆ తేలిక వంశంలోనే పుట్టింది. నీళ్ళలో వేస్తే తేలేంత తేలికైన అవయవం కదా మరి. అంతెందుకు, కసాయి కొట్లో మేకల, గొర్రెల ఊపిరితిత్తుల్ని ఇంగ్లీషులో లైట్స్ అనే అంటారు. ఆ లెక్కన "లైట్స్ తీసుకోండి సార్" అని న్యాయంగా అనగలిగేది మా గల్లీ చివర మటన్ కొట్టు భాయ్ ఒక్కడే.

లఘువు అంటే గుర్తొచ్చింది. "లైట్ తీసుకో"కి గణవిభజన చేసి చూడండి. లైట్ గురువు, తీ గురువు, సు లఘువు, కో గురువు. తేలిగ్గా తీసుకొమ్మని చెప్పే మాటలో మూడు గురువులు, ఒక్కటంటే ఒక్క లఘువు! ఛందస్సు కూడా దీన్ని లైట్ తీసుకోలేదు.

ఇంగ్లీషువాళ్ళు కూడా తేలిగ్గా తీసుకోవడం అనే మాట వాడతారు. కాకపోతే ఎక్కువగా ముందు వద్దు అని చేర్చి, హెచ్చరికగా. మనం ఆ వద్దును విమానాశ్రయంలో వదిలేసి మిగతాది ఇంటికి తెచ్చుకున్నాం.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ ఊరు ఊరంతా గుండెలు బాదుకుంది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ నీళ్ళు తీశాక "ఎప్పుడో ఒకసారి వస్తుంటాయి, లైట్" అని ఎవరూ అనలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ తర్వాత మనం పెద్దవాళ్ళమయ్యాం, ఇంగ్లీషు నేర్చుకున్నాం. చెరువుల్లో ఫ్లాట్లు కొన్నాం. 2020 అక్టోబరులో ఆ చెరువులు తమ చోటు వెతుక్కుంటూ పార్కింగ్‌లోకి వచ్చేసరికి నోళ్ళు వెళ్ళబెట్టాం. నీళ్ళు తగ్గిన వారానికే, షరా మామూలుగా, లైట్.

మా ఎదురింటి మామ్మగారు పోయిన గురువారం రాత్రి కూతురింటి నుంచి వస్తూ ఆ చీకట్లో పగిలిన బండ మీద కాలు వేసింది. తుంటి ఎముక విరిగింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. మోకాలి లోతు మురుగులో ఎంతసేపు ఉందో ఆవిడకే తెలియదు. ఆసుపత్రి వరండాలో వాళ్ళబ్బాయి భుజం తట్టి ఒక పెద్దమనిషి అన్నాడు: "ఈ వయసులో ఇవి మామూలే, లైట్ తీసుకోండి."

ఎవరు తీసుకోవాలయ్యా? ఎముక నీదా? మురుగు నీ నోట్లోకి పోయిందా? ఈ ఊళ్ళో లైట్ తీసుకొమ్మనేవాడు ఎప్పుడూ గట్టు మీదే ఉంటాడు, తీసుకోవాల్సినవాడు గుంతలో ఉంటాడు. ఒక బల్బు, ఒక బండ. నాలుగు నెలలు. పెన్సిల్‌తో రాసుకున్నారు! నేను మాత్రం? లైట్ చాయ్ తాగి, మూతి తుడుచుకుని ఇంటికొచ్చాను. నాలుగు వెదురు కర్రలు తెచ్చి ఆ బండ చుట్టూ పాతాలన్న బుద్ధి నాకూ పుట్టలేదు.

నిన్న చూడ్డానికి వెళితే మామ్మగారు మంచం మీంచే అడిగింది: "ఆ స్తంభానికి దీపం పెట్టారా నాయనా?"

దీపం! ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. మళ్ళీ ఆ కార్యాలయానికే వెళ్ళాను. ఈసారి ఎలాంటి అయోమయానికీ తావు లేకుండా, తెల్లకాగితం మీద, పెన్నుతో, చక్కటి తెలుగులో రాసిచ్చాను: మా వీధి మలుపులో దీపం వెలగడం లేదు.

ఆయన రెండుసార్లు చదివాడు. కాగితం వెనక్కి తిప్పి ఇచ్చాడు.

"ఇది మా దగ్గర కాదు సార్. దేవాదాయ శాఖలో ఇయ్యాలె."